కిచెన్ నంబర్ పద్నాలుగు

అజీజ్‌నగర్,
26 నవంబర్ 2006, ఆదివారం

తమ్మి అరుణ్‌కు అక్క దీవెనలు.

నువ్వు పంపిన చీర తిరిగి వస్తున్నది. ఈ ఉత్తరం కన్న ముందే రామన్న బస్సుల ఎక్కించిన. మెహిదీపట్నంల తీసుకో. నాకొద్దు. ఎందుకొద్దని మాత్రం అడగకు, ఒళ్లు మండుతది. నీకే తెల్వాలె. ఆ కండక్టర్ రామన్న మా ఫాంహౌస్ ముంగట బస్సు ఆపి, హారన్ కొట్టిచ్చి, మెట్టు మీద నిలబడి "ముత్తమ్మా, నీకు పార్సల్!" అని ఊరంత వినేటట్టు అరిచిండు. నేను చేతుల పిండి కూడ కడుక్కోకుంట ఉరికిన, ఎవరికేమైందో అని. చూస్తే చీర. రంగు మంచిదే. అయినా వద్దు.

ఫోన్ ఎందుకు ఎత్తవని అడిగినవ్. ఫోన్ ఆఫీసు రూంల ఉన్నది. అండ్ల మాట్లాడాలంటే సూపర్‌వైజర్ ఆనంద్‌కుమార్ ఎదురుంగ నిలబడాలె. ఆయన పేపర్ చదివినట్టు చేస్తడు, చెవులు మాత్రం నా దిక్కే ఉంటయ్. ఉత్తరమే రాయి. ఉత్తరం కూడ గేటుకు పంపకు, మొయినాబాద్‌ల దుకాణం అన్నపూర్ణమ్మ పేరు మీద రాయి. సామాన్లకు పోయినప్పుడు తెచ్చుకుంట.

ఇంకో ముచ్చట. మొన్న ఆనంద్‌కుమార్ పనోళ్లందరిని లైన్ల నిలబెట్టిండు. సిటీల ఏదో కంపెనీ వాళ్లు క్రిస్‌మస్‌కు వచ్చి కానుకలు ఇస్తరట. బొమ్మలు, స్వీట్లు కాదట, మనిషికి అక్కరకొచ్చే సామానే ఇస్తరట. ఎవరికేం కావాల్నో చెప్పున్రి అన్నడు. మీ బావ రగ్గు అడిగిండు. గేటు కాడ బాల్‌రాజ్ కూడ రగ్గే. గిన్నెలు తోమే ఎంకమ్మ కుక్కర్ అడిగింది. పాపం, ఈడ పొద్దంత గెస్టుల గిన్నెలు తోమి, ఇంటికి పోయి తడికట్టెల పొయ్యి ఊదుకుంటది. నా వంతు వచ్చింది, గ్రైండర్ అన్న. ఆనంద్‌కుమార్ పెన్ను ఆపి నన్ను చూసిండు. "ఏయ్, గ్రైండర్ ఎందుకే నీకు?" అన్నడు. నన్ను ఎప్పుడు గట్లనే పిలుస్తడు. "పిండి రుబ్బుకోను" అన్న. నవ్వి రాసుకున్నడు.

ఎందుకో నీకు చెప్త, ఎవరితోని అనకు. అన్నపూర్ణమ్మ తన దుకాణం ముందటి జాగ నాకు ఇస్త అన్నది. పొద్దున తొమ్మిదింటి దాక ఆమెకు గిరాకి ఉండదు. ఇంజనీరింగ్ కాలేజీ పోరగాళ్లు ఏం తినకుంట ఆన్నే బస్సు దిగుతరు. ఇడ్లీ పెడితే పది నిమిషాలల ఊడ్చుకపోతరు. కాని ఫిబ్రవరి ఒకటి దాకనే ఆగుతదట, ఆనక మిర్చి బజ్జీల బండాయనకు ఇస్తది. పదకొండేండ్లయింది తమ్మీ ఈ వంటగదిల. ఉప్పు ఎక్కువైతే ఒకరు, తక్కువైతే ఒకరు తిడుతరు. నాకు సొంత పొయ్యి కావాలె. గ్రైండర్ ఒక్కటి దొరికితే ఈ పని ఇడుస్త, ఈ రూం ఇడుస్త, మొయినాబాద్‌ల కిరాయికి పోత.

మీ బావ బాగనే ఉన్నడు. గులాబీలకు మందు కొట్టి దగ్గుతున్నడు. టైంకు తిను. బయటి నూడిల్స్ తినకు.

అక్క,
ముత్తమ్మ


మాదాపూర్,
4 డిసెంబర్ 2006

అక్కకు నమస్కారాలు.

చీర అందింది. మెహిదీపట్నం బస్టాండులో రామన్న దాన్ని నా చేతిలో పెడుతూ, "మీ అక్క గరం మీదున్నది, జర చూసుకో" అన్నాడు. పక్కనున్న నలుగురూ నవ్వారు. నాకు నవ్వు రాలేదు. మొదటి జీతంతో కొన్నానక్కా ఆ చీర.

ఎందుకు వద్దన్నావో అడగొద్దన్నావు కదా, అడగను. నాకు తెలుసు. 'నీ పైసలు నీ దగ్గర పెట్టుకో, రేపు పెండ్లి చేసుకోవాలె' అంటావు, అంతేగా? సెల్లు కొంటానంటే వద్దన్నావు. వాచీ కొంటానంటే నాకెందుకన్నావు. నేను చేవెళ్లలో ఇంటర్ చదివిన రెండేళ్లూ నువ్వు కట్టిన టిఫిన్ డబ్బా రోజూ బస్సులోనే వచ్చేది. అన్నం మీద ఎప్పుడూ ఒక ఊరగాయ ముక్క ఉండేది. నేనెప్పుడైనా తిప్పి పంపానా? నువ్వు పెడితే నేను తినాలి, నేను పెడితే మాత్రం నువ్వు తీసుకోవు. ఇదేం న్యాయం?

పోనీలే. నీకొక విచిత్రం చెప్పాలి. మీ దగ్గరికి వస్తున్న ఆ కంపెనీ మాదే! మా రిసెప్షన్‌లో ప్లాస్టిక్ చెట్టు ఒకటి పెట్టారు. దానికి కాగితపు నక్షత్రాలు వేలాడదీశారు. ఒక్కో నక్షత్రం మీద మీ దగ్గరి మనిషి పేరు ఒకటి, ఆ మనిషికి కావలసిన వస్తువు ఒకటి. ఇష్టమున్నవాళ్లు ఒక నక్షత్రం తెంపుకొని ఆ వస్తువు కొని తేవాలి. ఎవరు ఎవరికి కొన్నారో బయటపెట్టకూడదని రూలు. నిరుడు మా వాళ్లు పిల్లల హాస్టల్‌కు టెడ్డీ బొమ్మలు ఇచ్చారట. అక్కడ కప్పుకోవడానికి దుప్పట్లు లేవని తర్వాత తెలిసిందట. అందుకే ఈ ఏడు అవసరమైనవే ఇవ్వాలని స్వప్నిక మేడం పట్టుబట్టింది. ఇదంతా నడిపేది ఆమే.

కాబట్టి నీ గ్రైండర్ వస్తుంది. నిశ్చింతగా ఉండు. ఎవరిచ్చినా కళ్లకద్దుకొని తీసుకో, వెనక్కి మాత్రం పంపకు.

ఆ రోజు నాకు షిఫ్ట్ పడవచ్చు, రాలేకపోతే ఏమనుకోకు. మా అక్క అక్కడే పనిచేస్తుందని ఇక్కడ నేనెవరికీ చెప్పలేదు. చెప్పకపోవడమే మంచిదనిపించింది.

బావను దగ్గుకు డాక్టరుకు చూపించు.

నీ తమ్ముడు,
అరుణ్


అజీజ్‌నగర్,
24 డిసెంబర్ 2006

తమ్మీ,

దీవెనలు ఆనక రాస్త. ముందుగాల కోపం రాయనీ.

నిన్న వచ్చిన్రు మీ వాళ్లు. ఏసీ బస్సుల నలభై మంది. అందరి నెత్తుల మీద ఎర్ర టోపీలు, కొసకు తెల్ల ఉండ. ఒకాయన క్రిస్‌మస్ తాత ఏషం కట్టిండు. ఎండకు చెమట పట్టి దూది గడ్డమంత మూతికి అంటుకున్నది, పాపం ఊపిరాడక తండ్లాడిండు. నేనే మంచినీళ్లు ఇచ్చిన. పిల్లలు మంచోళ్లే, అది ముందే చెప్తున్న. ఒక పిల్ల ఎంకమ్మ చేతులు పట్టుకొని, ఆ సున్నం తిన్నట్టు పగిలిన వేళ్లు చూసి కండ్లనీళ్లు పెట్టుకున్నది. వాళ్ల మీద నాకు ఏ కోపం లేదు.

బస్సు దిగిన ఒక్కొక్క మొహం చూసిన. నువ్వు లేవు.

పేర్లు పిలిచిన్రు. మీ బావ ఎల్లేశ్ రగ్గు వస్తదని ఉరికిండు. ఏమొచ్చింది? మోకాళ్ల దాక రబ్బర్ బూట్లు! తోటకు నీళ్లు పట్టెటందుకు. బాల్‌రాజ్‌కు రగ్గు లేదు, పెద్ద బ్యాటరీ లైటు, గేటు సుట్టు తిరిగెటందుకు. బాత్రూంలు కడిగే వసంతమ్మ చెప్పులు అడిగితే చేతులకు తొడిగే గ్లౌజులు ఇచ్చిన్రు. మేము చెప్పింది ఒకటి, ఆ ఆనంద్‌కుమార్ రాసింది ఒకటి. మనిషికి ఏం కావాల్నో రాయలే, ఫాంహౌస్‌కు ఏం కావాల్నో రాసిండు. ఓనర్ కొనియ్యాల్సిన సామాను మీ పిల్లల జీతాలతోని కొనిపిచ్చిండు. అత్త సొమ్ము అల్లుడు దానం చేసినట్టు, మా పేర్లు చెప్పి వాళ్ల స్టోర్ రూం నింపుకున్నరు. రబ్బర్ బూట్లు కప్పుకొని పండుకుంటరా ఎవరన్న?

నాకు, ఎంకమ్మకు మాత్రం అడిగినవే వచ్చినయ్. సంబురపడ్డ తమ్మీ, అబద్ధమెందుకు. మూత తీసి లోపలి రాళ్లు ముట్టుకున్న, సల్లగున్నయ్. నా నెత్తి మీద కూడ టోపీ పెట్టి ఫొటో తీసిన్రు. మనసుల ఇడ్లీ రేకులు కూడ లెక్కబెట్టుకున్న, ఎన్ని కొనాల్నో అని.

బస్సు అటు పోయింది, గేటు ఇటు మూసిన్రు. ఆనంద్‌కుమార్ తెల్లరంగు డబ్బ, కుంచె పట్టుకొని వంటగదిలకు వచ్చిండు. నా గ్రైండర్ కడుపు మీద "కిచెన్–14" అని రాసిండు. ఎంకమ్మ కుక్కర్ మీద "కిచెన్–15". ఇక్కడి కుర్సీలకు, బల్లలకు, కుక్కల గిన్నెలకు గట్లనే నంబర్లు ఉంటయ్.

"సారూ, ఇది నాకిచ్చిన్రు గద" అన్న.

"నీకే ఇచ్చిన్రు. ఎవరు కాదన్నరు? నువ్వే వాడుకో" అన్నడు. "కాకపోతే ఈడ పెట్టి వాడుకో. కంపెనీ కాయిదాల మీద సంతకం పెట్టింది నేను. బయటకు పోతే నా ఉద్యోగం పోతది."

దేవుడు వరమిచ్చినా పూజారి ఇయ్యడంటరు, గిదే.

ఇంక విను. ఇన్నేండ్లు శని, ఆదివారం గెస్టులకు ఉప్మా, పూరీ చేస్తుంటి. ఇప్పుడు గ్రైండర్ ఉన్నది కదా, ఇడ్లీ, దోసె పెట్టమన్నడట ఓనర్ సారు. అరవై మందికి! ఇయ్యాల పొద్దు పొడవకముందే లేచి రుబ్బిన. సొంత పొయ్యి కోసం అడిగిన సామాను ఈ పొయ్యికే నన్ను గట్టిగ కట్టేసింది.

రేపు అసలు క్రిస్‌మస్. మా అందర్ల ఏసుప్రభువును మొక్కేది వసంతమ్మ ఒక్కతే. చర్చికి పోవాలె, ఒక్క పూట లీవు ఇయ్యున్రి అన్నది. "నిన్ననే గద క్రిస్‌మస్ చేసినం?" అన్నడు ఆనంద్‌కుమార్. విన్నవా మాట? ఆమె పండుగను కూడ స్టోర్ రూంల పెట్టి తాళమేసిండు.

నువ్వెందుకు రాలే? షిఫ్టా? 'చెప్పకపోవడమే మంచిదనిపించింది' అని రాసినవ్. ఎవరికి మంచిది? నలభై మంది ముంగట వంట చేసే అక్కను అక్కా అనాలంటే నోరు రాలేదా? సరే తమ్మీ. నువ్వు చల్లగుండు.

ముత్తమ్మ


మాదాపూర్,
26 డిసెంబర్ 2006

అక్కకు, బావకు నమస్కారాలు.

ఈ రోజు ఆఫీసుకు రాగానే ఏం చూశానో తెలుసా? నిన్నే! నోటీసు బోర్డు నిండా మీ ఫాంహౌస్ ఫొటోలే. అన్నిటికన్నా పెద్దది నీది. నెత్తి మీద ఎర్ర టోపీ, గ్రైండర్ మీద చెయ్యి, ఆ నవ్వు! నిన్ను అట్లా నవ్వగా చూసి ఎన్నాళ్లయిందో. పొద్దుటి నుంచి నాలుగుసార్లు టీకి వెళ్లాను, నాలుగుసార్లూ ఆ బోర్డు ముందు నుంచే. స్వప్నిక మేడం నా పక్కన నిలబడి, "ఈవిడ మొహం చూస్తే మనం పడ్డ శ్రమంతా మర్చిపోవచ్చు" అంది. నేను అవునన్నాను.

మీ రూంలో గ్రైండర్ ఎక్కడ పెట్టావు? కిటికీ పక్కన పెట్టకు, వాన జల్లు పడుతుంది. రాళ్లను మొదటిసారి ఉప్పు, బియ్యం వేసి తిప్పి కడగాలని షాపాయన చెప్పాడు. అంటే, కొన్నవాళ్లకు చెప్పాడట.

బావకు రగ్గు వెచ్చగా ఉందా? ఇక దగ్గు తగ్గుతుంది.

అన్నపూర్ణమ్మగారికి ఖాయం చేసి చెప్పెయ్యి. ఇక ఆలస్యమెందుకు? అవసరమైన వస్తువు ఇస్తే మనిషి బతుకే మారుతుందని మా వాళ్లు అంటుంటే ఇన్నాళ్లూ ఉపన్యాసం అనుకునేవాణ్ని. నీ ఫొటో చూశాక నమ్మాను.

మొదటి ఇడ్లీ నాకే.

నీ తమ్ముడు,
అరుణ్


అజీజ్‌నగర్,
30 డిసెంబర్ 2006

అరుణ్‌కు,

నీ ఉత్తరం అన్నపూర్ణమ్మ దుకాణంల నిలబడి చదివిన. చదివి నవ్విన. ఆ నవ్వుకు ఆమె భయపడి, పప్పు తూకం ఆపి, "ముత్తమ్మా, పాణం మంచిగున్నదా?" అని అడిగింది.

నేను రాసింది నీకు ముట్టలేదా, ముట్టినంక కూడ గిట్ల రాసినవా? ముట్టకపోతే పోస్టోనికి సిగ్గుండాలె. ముట్టినంక రాసినవంటే నీకుండాలె.

నవ్వా అది? "పండ్లు కనబడాలె, పండ్లు!" అని పక్కకెళ్లి ఆనంద్‌కుమార్ అరుస్తుంటే కనబడనిచ్చిన. అయినా అప్పటికి ఆ గ్రైండర్ నాదే అనుకుంటున్న, అందుకని కొంచెం నిజం నవ్వు కూడ ఉండచ్చు. ఆ నిజం నవ్వును మీరు గోడకు అతికిచ్చుకున్నరు. ఇగ నేను ఎన్నేండ్లు ఏడ్చినా మీ గోడ మీద నవ్వుతనే ఉంట. మీ మేడంకు శ్రమ మర్చిపోయే మందు దొరికింది. నా శ్రమ ఎవరు మర్చిపోతరు? ఇయ్యాల్టికి వారం రోజులాయె, మోచేతుల దాక పిండే.

బావకు రగ్గు వెచ్చగున్నదా అని అడుగుతవా! మీ బావ ఆ ముచ్చట విని, దగ్గుకుంట బూట్ల దిక్కు చూసిండు.

ఒక పని చెయ్యి. నీకు ఉద్యోగమిచ్చిన కంపెనీ కద, ఆమాత్రం అడుగు. నా పేరున్న నక్షత్రం తెంపిన మనిషి ఎవరో కనుక్కో. రూలు గీలు జాన్తా నై. ఆ మనిషికి నేను ఉత్తరం రాయాలె. "అయ్యా, అమ్మా, మీరు ఎవరో గాని, కష్టపడి కొన్నరు. మీ సామాను నాకు ముట్టలే. ఇచ్చేటప్పుడు నా చేతుల పెట్టిన్రు, ఇచ్చినంక నా ఇంటి దాక వచ్చి చూడలే. వేరేటోని నౌకరికి కట్నం చదివిచ్చి పోయిన్రు" అని రాయాలె. పేరు పంపు.

అన్నపూర్ణమ్మ జాగ సంగతి మళ్ల అడిగింది. చింతపండు కొనుక్కొని వచ్చిన.

ముత్తమ్మ


మాదాపూర్,
5 జనవరి 2007

అక్కా,

పండుగ సెలవుల్లో పోస్టు ఆగి, నీ రెండు ఉత్తరాలూ ఒకేరోజు వచ్చాయి. నా రాతలు తలుచుకుంటే చచ్చిపోవాలనిపించింది. రగ్గు గురించి అడిగినందుకు బావ కాళ్లకు మొక్కుతానని చెప్పు.

స్వప్నిక మేడం దగ్గరికి వెళ్లాను. ఇచ్చిన వస్తువులను ఫాంహౌస్ వాళ్లు లాక్కున్నారని చెప్పాను. ఆమె మొహం తెల్లబోయింది. కాని ఫైలు తీసి చూపించింది. "మేం సంస్థకు ఇచ్చినట్టే కాగితాలున్నాయి అరుణ్. సంతకాలు వాళ్లవి. ఇప్పుడు అడిగితే వచ్చే ఏడు ఎవరూ లోపలికి రానివ్వరు. అయినా నీకెట్లా తెలిసింది?" అంది. తెలిసినవాళ్లు చెప్పారన్నాను. అప్పుడు కూడా 'మా అక్క' అనలేదు. అది కూడా దాచకుండా రాస్తున్నాను.

నక్షత్రం తెంపిన మనిషి పేరు అడిగావు. ఆ ఉత్తరం నాకే రాయి.

నేనే అక్కా. చెట్టు పెట్టిన రోజే, ఎవరూ రాకముందు వెళ్లి, అన్ని నక్షత్రాలూ వెతికి నీది తెంపుకున్నాను. మెహిదీపట్నంలో కొన్నాను. బిల్లు నా పేరు మీదే ఉంది. నేనిస్తే నువ్వు తీసుకోవు కదా. చీర కూడా తీసుకోలేదు. కంపెనీ ఇచ్చిందంటే తీసుకుంటావని, నీ సొంత పొయ్యి నువ్వు పెట్టుకుంటావని అనుకున్నాను. చాటున ఇవ్వడం గొప్పతనం అనుకున్నాను.

ఆ రోజు షిఫ్ట్ లేదు. నువ్వు నా ముందు లైన్లో నిలబడి, చేతులు చాపి తీసుకోవడం చూడలేననుకున్నాను. నీ పరువు కాపాడుతున్నానని నాకు నేను చెప్పుకున్నాను. అది సగమే నిజం. మిగతా సగం నువ్వు రాసిందే. సిగ్గుపడ్డాను. బస్సులో నాతోపాటు వచ్చేవాళ్లు మీ రూం చూస్తారని, పిండి చేతులతో నువ్వు వచ్చి నా తల నిమురుతావని భయపడ్డాను. ఏడేళ్లప్పుడు అమ్మ పోతే ఆ చేతులే కదా నాకు అన్నం పెట్టింది.

ఏమైనా అను. పడతాను.

అరుణ్


అజీజ్‌నగర్,
9 జనవరి 2007

ఓరి తమ్మీ,

నీ ఉత్తరం రెండుసార్లు చదివిన. ఒకసారి ఏడ్చిన. రెండోసారి కోపమే వచ్చింది, ఏడుపు తక్కువపడ్డది.

చీర నేను పైసల కోసం వద్దన్ననా? ఎవరు చెప్పిన్రురా నీకు? ఇంజనీరింగ్ చదివినవ్, కంప్యూటర్లు నడుపుతున్నవ్, అక్కకు చీర ఎట్ల పెడుతరో తెల్వదా? పెట్టెటోడు గడపల నిలబడాలె. బొట్టు పెట్టాలె. పసుపు, కుంకుమ పెట్టి, చీర ఒళ్లె పెట్టాలె. అక్క కొంగు పట్టి తీసుకుంటది. అప్పుడు చూసేటోళ్లకు తెలుస్తది, దీనికి ఎనుక మనిషి ఉన్నడు అని. అమ్మ లేదు, బాపు లేడు. నాకు పుట్టిల్లంటే నువ్వు ఒక్కనివి. ఆ పుట్టిల్లు బస్సుల పార్సల్ వస్తే నేను కండక్టర్ చేతులకెళ్లి తీసుకోవాల్నా? టిఫిన్ డబ్బా లెక్క తీసినవ్. ఆకలైనోనికి అన్నం ఎట్ల ముట్టినా ముట్టుడే. చీర గట్ల కాదు. నూరు రూపాలది తెచ్చినా సరే, నువ్వు రావాల్సుండె!

బస్సుల పంపితే వద్దన్ననని, ఈసారి చెట్టుకు ఏలాడదీసినవా? తోడబుట్టినోడు పెట్టేది ఎర్రటోపోడు ఇచ్చిపోవాల్నా? నాది అని నీ నోటితోని అననందుకే కద, ఆనంద్‌కుమార్ కుంచె తెచ్చి వాంది అని రాసుకున్నడు! పేరు లేని సామానుకు ఎవడైన నంబరు ఏస్తడు. సగం తప్పు వానిది, సగం నీది. నేనే తక్కువ తిన్ననా? ఎందుకొద్దో నీకే తెల్వాలె అని మూతి ముడుసుకున్న. తెలుస్తదా మొగపిల్లలకు? అది నా తప్పు, రాసుకో.

సిగ్గుపడ్డ అన్నవ్. నిజం చెప్పినవ్, అందుకే ఈ ఉత్తరం రాస్తున్న. లేకుంటే రాయకపోదును. ఒకటి మాత్రం యాది పెట్టుకో. నేను దొంగతనం చెయ్యలే, వంట చేసిన. ఈ చేతుల పిండికి సిగ్గుపడాల్సింది ఏం లేదు.

ఇగ విను. ఇరవై ఒకటి ఆదివారం రా. బిల్లు తీసుకొని రా. ఆ దినం గెస్టులుంటరు, ఓనర్ సారు ఉంటడు. కూరగాయలొచ్చే సందు గేటుకెళ్లి రాకు, కార్లొచ్చే పెద్ద గేటుకే రా. ఆన్నే నిలబడి గట్టిగ "అక్కా" అని పిలువు. వంటగది దాక వినబడాలె. ఆనంద్‌కుమార్‌కు వినబడాలె. వస్తే నా తమ్మునివి. రాకపోతే ఆ గ్రైండర్ వాళ్లకే ఉండనీ, నేను రుబ్బుకుంటనే పోత.

అక్క


మాదాపూర్,
13 జనవరి 2007

అక్కకు,

వస్తున్నాను.

నిన్న నోటీసు బోర్డు మీద నీ ఫొటో కింద ఒక కాగితం అతికించాను. 'ఈమె మా అక్క ముత్తమ్మ. ఈ గ్రైండర్ నేను కొన్నాను. ఇది ఆమెకు అందలేదు. మిగతావాళ్లు అడిగినవి వేరు, మనం ఇచ్చినవి వేరు' అని రాశాను. సాయంత్రానికి ఆ కాగితం లేదు, ఫొటో కూడా లేదు. మేనేజరు పిలిచి, ఇట్లాంటివి మెయిల్‌లో రాయాలి గాని గోడ మీద కాదన్నాడు. స్వప్నిక మేడం నిన్నంతా నాతో మాట్లాడలేదు. ఇవాళ వచ్చి, "నీకు ముందే చెప్పాలనిపించలేదా?" అంది.

బిల్లు జేబులో పెట్టుకున్నాను. తీసి తీసి చూసుకుంటున్నాను.

నీ తమ్ముడు,
అరుణ్


మొయినాబాద్,
3 ఫిబ్రవరి 2007, శనివారం

తమ్మి అరుణ్‌కు అక్క, బావ దీవెనలు.

మొన్న ఒకటో తారీకు పొయ్యి ముట్టిచ్చిన. అన్నపూర్ణమ్మ కొబ్బరికాయ కొట్టింది. మొదటి దినం చట్నీల ఉప్పు మర్చిపోయిన, అయినా కాలేజీ పోరగాళ్లు తిన్నరు. ఇయ్యాల ఎనిమిదిన్నరకే అయిపోయినయ్, ఎనుకొచ్చినోళ్లు నన్నే తిట్టి పోయిన్రు. గ్రైండర్ కడుపు మీది తెల్లరంగు గీకితే పోతలేదు. మీ బావ కిరసనాయిలు పెట్టి రుద్దుతున్నడు. రగ్గు కొనుక్కున్నడు, దగ్గు తగ్గింది. నువ్వు ఒళ్లె పెట్టిన చీర కట్టుకున్న.

సంబురంగనే ఉన్న. అయినా ఆ దినం ముచ్చట మతికొస్తే మళ్ల ఒళ్లు మండుతున్నది, నీకు చెప్పక ఎవరికి చెప్పాలె?

నువ్వు గేటు కాడ పిలిచినవ్. ఎంత గట్టిగ పిలిచినవో, స్విమ్మింగ్ పూల్‌ల పిల్లలు కూడ ఆగి చూసిన్రు. నేను పిండి చేతులతోనే వచ్చి నీ నెత్తి నిమిరిన, నువ్వు జరగలే. గంత వరకు మంచిగనే ఉన్నది. ఆనక నువ్వు బిల్లు తీసినప్పుడు ఆనంద్‌కుమార్ మొహం చూసినవా? "మీ తమ్ముడు సాఫ్ట్‌వేర్ అని ముందే చెప్పొద్దా ముత్తమ్మగారూ! తెలిస్తే ముట్టకపోదుం" అన్నడు. ముత్తమ్మగారు! పదకొండేండ్ల నుంచి 'ఏయ్' అనెటోడు. ఓనర్ సారు నాకు కుర్సీ ఎయ్యమన్నడు. నేను ఊడ్చిన వరండల నాకే కుర్సీ! చాయ్ కూడ తాగమన్నరు. ఆ చాయ్ చేసేదెవరు, నేనే గద?

నువ్వు సంబురంల ఉండి ఆ మాట విన్నవో లేదో. 'తెలిస్తే ముట్టకపోదుం' అన్నడు. తప్పైంది అనలే. నీ సామాను నీది అనలే. తమ్ముడున్నదాని సామాను ముట్టరట. తమ్ముడు లేనిదాన్ది ముట్టచ్చట. గది వాళ్ల రూలు.

గ్రైండర్‌ను ఆటోలకు ఎత్తేటప్పుడు ఒక దిక్కు నువ్వు పట్టినవ్, ఒక దిక్కు ఎంకమ్మ పట్టింది. నువ్వు ఆటోడ్రైవర్‌తోని బేరంల ఉన్నవ్. నేను ఆమె దిక్కు చూసిన. గ్రైండర్‌ను మంచిగ జరిపి, తాడు కట్టి, చేతులు కొంగుకు తుడుచుకొని, "పోయిరా ముత్తమ్మా" అన్నది. తిరిగి గిన్నెల కాడికి పోయింది. నిన్న అంగట్ల కనబడితే అడిగిన. కట్టెల పొయ్యే ఊదుకుంటున్నదట. ఆమె కుక్కర్‌ల ఇప్పుడు గెస్టులకు బిర్యానీ వండుతున్నరట, అది తోమేది కూడ ఆమేనట.

ఎంకమ్మకు అన్న లేడు, తమ్ముడు లేడు. ఎనుకా ముందు ఎవరు లేరు.

ఆ కుక్కర్ నక్షత్రం తెంపింది ఎవరో మీ ఆఫీసుల కనుక్కో. బిల్లు దొరికితే తీసుకో. ఆ మనిషి వస్తనంటే తోలుకొని రా. రానంటే నువ్వొక్కనివే రా. వచ్చే ఆదివారమే రా, పెద్ద గేటుకే రా.

వచ్చి ఎంకమ్మను పిలువు. అక్కా అనే పిలువు.

అక్క,
ముత్తమ్మ